ఎర్ర ద్రవం

ఆడవారు కూడా మింగే మందులను దశాబ్దాల పాటు మగ ఎలుకల మీదే ఎందుకు పరీక్షించారు? అడిగినప్పుడల్లా ఒకటే మాట: ఆడ ఎలుకల్లో హార్మోన్లు మారుతుంటాయి, లెక్క కుదరదు. అది జవాబు కాదు, తప్పించుకోవడం.

ఆ ప్రశ్నను పట్టుకున్న పరిశోధకురాలికి డైరెక్టర్ శుక్రవారం దాకా గడువిచ్చాడు. ఆడవారి హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్ కలిపిన తెల్లరక్తకణాలు కలపనివాటి కన్నా చురుగ్గా స్పందిస్తాయని చూపాలి. లేకపోతే పని మూత పడుతుంది.

ఆ కణాలను పెంచే టెక్నీషియన్ బాధ వేరు. వారానికి రెండుసార్లు ఒక డాక్టర్ రక్తనమూనాల డబ్బాతో వచ్చేవాడు. ఇచ్చిన వెంటనే వెళ్లేవాడు కాదు. గాజు తలుపు అవతల ఆమె నవ్వేది. ఇవతల ఇతడు పళ్లు నూరేవాడు.

"ఆ డాక్టర్ గారికి ఆసుపత్రిలో పనుండదా?"

"మీకే ఇక్కడ పని తక్కువైనట్టుంది."

సోమవారం వాన. గేటు దగ్గర ఒకే గొడుగు కింద వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. కణాలకు ఆహారం మార్చాల్సిన వేళ, అందుకోసం ఆమె ప్రత్యేకంగా తెప్పించుకున్న రంగులేని ద్రవం అయిపోయింది. కొత్త సీసా ఎక్కడుందో అడగాలంటే ఆ గొడుగు ముందు తడుస్తూ నిలబడాలి. అభిమానం అడ్డొచ్చింది. మిగతా అన్నిటికీ వాడే ఎర్ర ద్రవమే పోశాడు. బుధవారం కణాలను ఎరుపు పోయేలా కడిగి, లెక్కించే యంత్రానికి అందించాడు. ఆమె చూసినవి అంకెలే.

ఈస్ట్రోజెన్ కలిపినవీ కలపనివీ, రెండు వరుసలూ సమానం.

"చూశావామ్మా, హార్మోన్ల ప్రభావం ఏమీ లేదు," అన్నాడు డైరెక్టర్, సంతోషంగా.

ఆమె ఫైళ్లు సర్దుకుంటుంటే టెక్నీషియన్ వచ్చి నిలబడ్డాడు.

"మీ సీసా అయిపోయింది. సోమవారం ఎర్రది పోశాను."

"అన్ని డిష్‌లకూనా?"

"అన్నిటికీ."

"ఆ ఎర్ర రంగు కణాల మీద కొంత ఈస్ట్రోజెన్‌లాగే పనిచేస్తుంది. కలపనివి కూడా కలిపినట్టే అయిపోతాయి. అందుకేగా రంగులేనిది తెప్పించుకున్నాను. నన్ను అడగొచ్చుగా?"

"మీరు గొడుగు కింద ఉన్నారు."

"వానలో ఇంకెక్కడుంటారు?"

"ఆయనతో ఉన్నారు."

ఆమెకు అర్థమైంది. "ఆయన భార్య కీళ్లను ఆవిడ రక్షణ కణాలే తినేస్తున్నాయి. ఈ జబ్బు ఆడవాళ్లకే ఎందుకెక్కువని ఆవిడ అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. అందుకొస్తారు."

"మరి ఆ నవ్వులు?"

"తలుపు వెనక నిలబడి చూసే మనిషికి జ్వరమా అని అడుగుతారు. నవ్వకేం చేయను?"

అతడు తన తప్పును కాగితం మీద రాసి డైరెక్టర్ బల్ల మీద పెట్టాడు. అతడికి మెమో వచ్చింది; ఆమెకు రెండు వారాల గడువు.

"ఈసారి సీసా కనబడకపోతే?" అంది ఆమె.

"తడిసైనా అడుగుతా."

"తడవడమెందుకు? గొడుగులో చోటుంటుంది."

రంగులేని ద్రవంలో తేడా స్పష్టంగా కనిపించింది. ఈసారి అంకెలు ఇద్దరూ కలిసి చదివారు, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా.

ఒక వారం కణాలను పాడు చేసినవాడు ఒప్పుకున్నాడు గనుక అతడిని క్షమించవచ్చు. అన్ని దశాబ్దాల మగ ఎలుకల సంగతి ఒప్పుకున్నవాళ్లు ఎంతమంది?

మీ ఇంట్లోని మందు చీటీ తీయండి. ఆ మందును ఆడవారి మీద విడిగా పరీక్షించారా అని మీ డాక్టర్‌ను అడగండి. జవాబు వచ్చేదాకా డాక్టర్ ఎదుటి కుర్చీలోంచి లేవకండి.