పసుపు రంగు గోళ్ళు

మొదటిసారి కలిసినప్పుడే మహీధర్ త్రివేణి చెయ్యి వాచిపోయేలా చేశాడు.

పాలిటెక్నిక్‌లో బాస్కెట్‌బాల్ కోర్టూ, అమ్మాయిలు సాఫ్ట్‌బాల్ ఆడే మైదానమూ పక్కపక్కనే. ఆ రోజు ఎవరో కొట్టిన బంతి కంచె దాటి, కాలేజీ టీమ్ కెప్టెన్ మహీధర్ సరిగ్గా బాస్కెట్ వెయ్యబోతుండగా అతని కాళ్ళ మధ్యకి దొర్లింది. విసుక్కుంటూ తీసి అక్కణ్ణుంచే విసిరాడు. అది మైదానమంతా దాటి సూటిగా వచ్చి త్రివేణి గ్లవ్‌లో పడింది. గ్లవ్ ఉన్నా అరచెయ్యి భగ్గుమంది.

"ఏయ్ పొడుగూ! బంతి ఇస్తున్నావా, చంపుతున్నావా?"

"పట్టుకోవడం రానివాళ్ళు ఆడటం ఎందుకు?"

"పట్టుకున్నాను కదా! కళ్ళు లేవా?"

అతను చూశాడు. నిజంగానే పట్టుకుంది. "సారీ లా," అని ఆ ఊరి యాసలో గొణిగి వెళ్ళిపోయాడు.

ఏడాది తిరక్కుండానే ఒక ఫైనల్లో ఎగిరి దిగుతూ మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక జన్మలో ఎగరొద్దన్నాడు. ఎగరకుండా బాస్కెట్‌బాల్ ఏముంటుంది? హౌగాంగ్‌లో తనుండే ఫ్లాట్ల బ్లాక్ కింద రాతి బల్ల దగ్గర రోజంతా ఒక్కడే కూర్చునేవాడు. పక్క బ్లాక్‌లో ఉండే త్రివేణి నెల్లాళ్ళు చూసి చూసి, ఒక ఆదివారం అతని ఒళ్ళో బేస్‌బాల్ పడేసింది.

"కాలు పోయింది సరే. చెయ్యుంది కదా?"

"జాలా?"

"జాలేంటి, కోపం! నా చెయ్యి పది రోజులు వాచిందయ్యా. అంత బలం ఊరికే కూర్చుంటే కోపం రాదా?"

అలా మొదలైంది. ప్రతి ఆదివారం బ్లాకుల పక్క మైదానంలో అతను విసిరేవాడు, ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని పట్టేది. బేస్‌బాల్‌లో అలా పట్టే మనిషిని క్యాచర్ అంటారు. ఎలాంటి బంతి వెయ్యాలో వేళ్ళతో సైగ చేసేది క్యాచరే. ఒక వేలు చూపిస్తే వేగంగా, రెండైతే వంకరగా, మూడైతే మెల్లగా. విసిరేవాడికి నచ్చకపోతే తల అడ్డంగా ఊపొచ్చు. అప్పుడు క్యాచర్ ఇంకో సైగ చేస్తుంది.

మహీధర్ మాత్రం ఒక్కసారి కూడా తల అడ్డంగా ఊపలేదు. త్రివేణి ఏది చెబితే అదే.

మబ్బు పడితే అరవై అడుగుల దూరం నుంచి వేళ్ళు కనిపించవు. అందుకే క్యాచర్లు చాలామంది చేసేదే ఆమె కూడా చేసింది. కుడిచేతి గోళ్ళకి మాత్రం పసుపు రంగు పులిమింది. ఒంటి చేతి సింగారమేంటని అమ్మమ్మ ఆండాళమ్మ మొత్తుకునేది.

ఆటలో ఇద్దరి మధ్యా ఆ అరవై అడుగులూ ఉండేవి. పిడుగులు పడొచ్చని హెచ్చరించే సైరన్ మోగితేనే మైదానం వదిలి బ్లాక్ కిందకి పరిగెత్తేవాళ్ళు, పక్కపక్కన కూర్చునేవాళ్ళు. వాళ్ళ కబుర్లన్నీ సైరన్ కబుర్లే. వానలు లేని నెలల్లో వాళ్ళు సరిగ్గా మాట్లాడుకున్నదే లేదు.

అలాంటి ఒక వానలో ఆమె రంగు సీసా మూత తీసి అతని చెయ్యి పట్టుకుంది.

"వద్దు లా! బంతి విసిరే చేతికి ఏదీ అంటకూడదు. రూల్."

"అయితే ఎడమ చెయ్యివ్వు."

"దానికి గ్లవ్ ఉంటుంది. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

అతను నవ్వి చెయ్యి లాక్కున్నాడు. త్రివేణికి ఆ రోజే తెలిసింది, ఇతను లేకపోతే తనకి ఆదివారాలుండవని.

రెండేళ్ళ తర్వాత జపాన్‌లో ఒక చిన్న ఊరి ప్రొఫెషనల్ జట్టు అతన్ని పరీక్షించి తీసుకుంది. బాస్కెట్‌బాల్ పోయిన రోజు ఏడవని మహీధర్ ఆ కాగితం చేతికొచ్చిన రోజు ఏడ్చాడు. అతనికన్నా ఎక్కువ ఏడ్చింది త్రివేణి, ఇంటికెళ్ళాక, ఒక్కతే.

వెళ్ళే ముందటి ఆదివారం సైరన్ మోగింది. బ్లాక్ కింద వాన చప్పుడులో ఆమె ధైర్యం చేసింది.

"సెంగ్‌కాంగ్ నుంచి ఒక సంబంధం వచ్చింది. శశికాంత్ అని, ఇంజినీర్. వచ్చే నెల జవాబు చెప్పాలి."

మహీధర్ వానకేసి తిరిగాడు. "మంచోడా?"

"మంచోడే."

"నీకు సరేనా?"

"సరే అందామనుకుంటున్నా."

వద్దంటాడని చూసింది. ఒక్కసారి, జీవితంలో ఒక్కసారి తల అడ్డంగా ఊపుతాడని చూసింది. అతను ఎప్పట్లాగే నిలువుగా ఊపాడు. ఆమె ఏది చెబితే అదే.

ఇంటికొచ్చి చూసుకుంటే సంచిలో రంగు సీసా కూడా లేదు. పోతే పోయింది, ఇక ఎవరికి చూపించాలి అనుకుంది.

నెల గడిచింది. ఆ ఆదివారం సాయంత్రం ఐదింటికి శశికాంత్ వాళ్ళు జవాబు కోసం వస్తారు. మూడింటికి అమ్మ పూల కోసం మార్కెట్‌కెళ్ళింది. బయట ఆకాశం నల్లగా దిగింది. త్రివేణి కిటికీ పక్కన ఫోన్‌లో ఆట చూస్తోంది. ఓడిపోతున్న ఆటలో, ఇక పోయేదేమీ లేదన్నప్పుడు మహీధర్‌ని మొదటిసారి దింపారు.

ఒకడు బలంగా కొట్టాడు. మిగతా ముగ్గుర్నీ మహీధర్ అవుట్ చేశాడు. జట్టు మాత్రం ఓడిపోయింది. సగం ఖాళీగా ఉన్న స్టేడియంలో ఎవరూ పెద్దగా చప్పట్లు కొట్టలేదు.

"ఓడిపోయాడా, పాపం?" ఆండాళమ్మ వెనక నుంచి తొంగిచూసింది.

కెమెరా అతని మీదకొచ్చింది. మహీధర్ నేరుగా చూస్తూ గ్లవ్ తీసి ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఐదు గోళ్ళూ పసుపు రంగు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"అదేంటే, మెడ పట్టేసిందా వాడికి?"

త్రివేణి ఫోన్‌ని ఆవిడ వైపు తిప్పింది. "వద్దంటున్నాడు అమ్మమ్మా."

"ఎవరికి?"

"నాకు. సెంగ్‌కాంగ్ సంబంధం వద్దంటున్నాడు."

ఆండాళమ్మ ఫోన్ లాక్కుని ముక్కుకి దగ్గరగా పెట్టుకుంది. "రంగంతా చర్మానికే పూసుకున్నాడు, చేతకానివాడు. నీకిష్టమేనా?"

"మొదట్నుంచీ."

"మరి సరే అందామనుకుంటున్నానని మీ అమ్మతో ఎందుకన్నావ్?"

"వాడు వద్దంటాడని చూశాను, అమ్మమ్మా. అనలేదు."

"బాగానే ఉంది మీ ఇద్దరి తెలివి. ఆ శశికాంత్ ఏం పాపం చేశాడు? వాళ్ళు బయల్దేరకముందే ఫోన్ చేసి నువ్వే చెప్పు. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటా."

శశికాంత్ అంతా విని, "ముందే చెప్పుండాల్సింది, త్రివేణీ," అని మాత్రం అన్నాడు. అతను తిట్టినా బాగుండేదనిపించింది. తప్పు తనదే.

ఫోన్ పెట్టేసి కిటికీ పక్కన కూర్చుంది. మహీధర్ మళ్ళీ రావడానికి ఎనిమిది నెలలుంది. ఈ వానలన్నీ ఒక్కతే చూడాలి. అప్పుడు మైదానంలో సైరన్ మోగింది. ఆమె లేచి జపాన్‌కి కాల్ చేసి, అతను ఎత్తగానే ఫోన్‌ని కిటికీలోంచి బయటికి చాపింది.

"వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది," అన్నాడు.

"అయితే మాట్లాడు."