చెయ్యి ముందా, రాయి ముందా

"నవీన్ చెయ్యి ముందుగాల లేసింది. తర్వాతనే రాయి తాకింది. నా కండ్లతోని చూసిన!"

మల్లిక గొంతు షెడ్డంతా వినిపించింది. అప్పటికే పాలిష్ మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆరడుగుల తాండూరు బండ మూడు ముక్కలై రాతి బురదలో పడి ఉంది. ఎవరి కాలి మీదా పడలేదు. అదే గొప్ప.

బండను గొలుసుకు వేలాడదీసి మిషన్ దగ్గరికి తెస్తారు. ఎదురుగా నవీన్‌కుమార్ నిలబడతాడు. బండ దగ్గరికి రాగానే అతను చెయ్యెత్తాలి. ఎత్తగానే బిచ్చయ్య బటన్ నొక్కి గొలుసు ఆపాలి. ఇవాళ గొలుసు ఆగలేదు. బండ పోయి మిషన్ అంచుకు కొట్టుకుంది.

"చెయ్యి ముందు లేస్తే తప్పు బిచ్చయ్యదే" అన్నాడు యజమాని పాండురంగం. "రేపటి సంది నువ్వు పనికి రాకు."

బిచ్చయ్యకు అరవై ఏళ్లు దగ్గర పడ్డాయి. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"సేటూ, రాయి తాకినంకనే చెయ్యి లేసింది. నేను రాయినే చూస్తున్న."

"గట్లనకు కాకా. ముందు చెయ్యే లేసింది" అంది మల్లిక.

బండల మీద సుద్దతో కొలతలు రాసే పని ఆమెది. నవీన్ ఎప్పుడు పలకరించినా "నీ పని నువ్వు చూస్కో" అంటుంది. అలాంటి పిల్ల అతని వైపు సాక్ష్యం చెబుతుంటే ఎవరు నమ్మరు?

నవీన్ మాత్రం తల దించుకుని నిలబడ్డాడు.

"కెమెరా ఉంది గద సేటూ" అన్నాడు పాలిష్ మేస్త్రీ నజీర్. "లొల్లి ఎందుకు?"

పాండురంగం ఫోన్‌లో కెమెరా వీడియో పెట్టాడు. అందరి తలలూ దాని మీదికి వంగాయి. బండ వచ్చింది. తాకింది. చెయ్యి లేచింది. మళ్లీ వేశాడు. మెల్లగా వేశాడు.

రెండూ ఒక్కసారే జరిగాయి. ముందూ లేదు, వెనకా లేదు.



"అంటే చెయ్యి లేటుగ లేసినట్టే గద! బిచ్చయ్య ఎట్ల ఆపుతడు?" పాండురంగం ఆమె వైపు తిరిగాడు. "ఎందుకు అబద్ధం చెప్పినవ్ పిల్లా? పెద్దమనిషి నౌకరి తీస్తుంటివి గదా!"

"అబద్ధం కాదు సేటూ! నాకు గట్లనే కనవడ్డది!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తన కళ్లే తనను మోసం చేస్తే ఇక ఎవరితో చెప్పుకోవాలి?

నజీర్ వంగి రెండు రాతి పెచ్చులు ఏరుకున్నాడు. చేతికొకటి పట్టుకుని పైకెత్తాడు.

"బేటీ, నువ్వు నా ఎడమ చెయ్యి దిక్కే చూడు. బిచ్చయ్యా, నువ్వు కుడి దిక్కు. జర గట్టిగ చూడుండ్రి."

రెండింటినీ వదిలేశాడు.

"ఏది ముందు పడ్డది?"

"ఎడమది" అంది మల్లిక.

"కుడిది" అన్నాడు బిచ్చయ్య.

"చప్పుడు ఒక్కటే వచ్చింది గదా!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వబోయినవాళ్లు కూడా ఆగిపోయారు.

"ముప్పై ఏండ్ల సంది రాయి కొడుతున్న" అన్నాడు నజీర్. "సుత్తెను చూస్తే సుత్తె ముందు పడ్డట్టుంటది. పెచ్చును చూస్తే పెచ్చే ముందు లేసినట్టుంటది. మనసు దేని మీద ఉంటే అదే ముందుగాల కనిపిస్తది. పిల్ల అబద్ధం చెప్పలే సేటూ."

మల్లిక ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి ఇంకా బయటికి రాలేదు.

"మంచిది" అన్నాడు పాండురంగం. "గంత పెద్ద బండ గాల్లో ఊగుతుంటే అందరం బండనే చూస్తం. నువ్వు వాని చెయ్యి ఎందుకు చూస్తున్నవ్?"

 

మల్లిక నోరు తెరిచింది. జవాబు తెలుసు. అందరి ముందు అడిగేసరికి అదిరిపోయింది. చేతిలోని సుద్ద ముక్క రెండుగా విరిగింది.

నవీన్ తల ఎత్తాడు. బండ పగిలినప్పుడు కూడా అతని ముఖం అంతగా పాలిపోలేదు.

"ఆమెను అడగకుండ్రి సేటూ. నన్నడుగుండ్రి. చెయ్యెందుకు లేటయిందని."

"కాలు జారిందా?"

అవునంటే సరిపోయేది. నేలంతా తడే. ఎవరూ కాదనరు.

"లేదు. రాయిని చూడలే. మల్లికను చూసిన."

"ఏందీ?"

"ముక్కు మీది కర్చీఫ్ తీసి తుమ్మబోయింది. తుమ్ము వస్తదా రాదా అని చూస్తున్న. గింతల రాయి పోయి తాకింది. బిచ్చయ్య కాక తప్పేం లేదు. తప్పంత నాదే."

 పాండురంగం నవీన్‌కు గేటు వైపు చూపించాడు.

సాయంత్రం వికారాబాద్ బస్సు ఎక్కే దగ్గర మల్లిక అతన్ని పట్టుకుంది. వెనక బిచ్చయ్య ఉన్నాడని కూడా చూసుకోలేదు.

"జారిన అంటే నీ సొమ్మేం పోతుండె? పిచ్చోడా!"

"నువ్వు ఎన్ని రోజుల సంది నన్ను చూస్తున్నవ్?"

"నిన్ను కాదు. నీ చేతులను. ముఖం చూస్తే దొరికిపోత అని."

 

"ఇంతకు తుమ్ము వచ్చిందా?" అన్నాడు నవీన్.

"రాయి పగిలిన భయానికి పోయింది."

వెనక బిచ్చయ్య గట్టిగా నవ్వాడు. మల్లిక ఉలిక్కిపడి తిరిగి చూసింది.

"మాఫ్ చెయ్యి కాకా. నీ నౌకరి తీస్తుంటి."

"నువ్వు తీస్తుంటివి, నవీన్ నిలబెట్టిండు. ఊకో." ఆయన అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "బుగ్గమ్మక్కా! నేను బిచ్చయ్యను. నీ బిడ్డకు ఒక పిలగాడున్నడు."

మల్లిక పైప్రాణాలు పైనే పోయాయి. "కాకా, అమ్మకా? వద్దు!"

ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

"పిలగానికి నౌకరి ఉందా?" అంది బుగ్గమ్మ.

"ఉండె. గియ్యాలనే పోయింది."

"అయ్యో! ఎందుకు పోయింది?"

"నిజం చెప్పిండని. చెప్పకుంటే నాది పోతుండె."

 బస్సు హారన్ కొట్టింది. ముగ్గురిలో ఎవరూ కదల్లేదు.

"బస్సెక్కిండ్రా?" అంది బుగ్గమ్మ.

"ఎక్కుతున్నం."

"పిలగాన్ని గూడ ఎక్కియ్యి. మీ ముగ్గురికి ఎసట్ల బియ్యం పోస్త."