తాతాజీ తాళం వేసిన చప్పుడు

చిన్న కథే, కాఫీ చల్లారేలోగా అయిపోతుంది. ముక్తేశ్వరంలో చిన్న కథలు చెప్పేవాళ్ళే కరువయ్యారు లెండి. బుచ్చిరాజు గారిని కొబ్బరికాయ ధర అడిగితే వాళ్ళ ముత్తాత చెట్లెక్కించి తీయించిన దింపు దగ్గర్నుంచి మొదలెడతారు. ఆయన భార్య అప్పలమ్మ గారు అంతకన్నా... సరే, కథ సత్యప్రియది.

సత్యప్రియ, ఆమె మేనత్త కొడుకు తాతాజీ ఒకే కంపెనీకి ఇంట్లోంచే పనిచేసేవారు. పాతికేళ్ళకే ఊరందరిచేతా తాతాజీ అనిపించుకున్న ఘనుడు అతనొక్కడే. వాళ్ళు చేసేది పడవల వీడియో గేమ్. గోదావరి చప్పుళ్ళు రికార్డు చేయడం అతని వంతు. అంత పెద్ద ఫైళ్ళు ఎవరి కంప్యూటర్లోనూ ఉంచరు. ఎక్కడో దూరాన సర్వర్లో పడుంటాయి. ఇక్కడ అదే పేరుతో చీటీలాంటి చిన్న ఫైలు ఉంటుంది. కావాలని అడిగితే అసలుది దిగివచ్చి చీటీ స్థానంలో కూర్చుంటుంది. ఆఖరి ఫైలుకి తాతాజీ తన పేరున తాళం కూడా వేసుకున్నాడు, ఇంకెవరూ మార్చకుండా.

ఆ మర్నాడే, శ్రావణం వరదలో, చప్పుళ్ళ కోసం అతనెక్కిన పడవ బోల్తా పడింది. పడవ దొరికింది. మైకు దొరికింది. మనిషి దొరకలేదు.

మూడు నెలలు చూసి, శవం లేదు కాబట్టి దర్భలతో బొమ్మ చేసి దహనం చేయాలన్నారు పంతులుగారు. ఊరికి సబబుగానే తోచింది. భోజనాలంటే ఎవరికి చేదు? తల్లి దుర్గమ్మ ఒక్కతే అడ్డం తిరిగింది.

"గడ్డికి నిప్పెట్టి కొడుకు పోయాడనుకోమంటారేంటండీ?" అంది పంతులుగారితో. తర్వాత మేనకోడలి చెయ్యి పట్టుకుంది. "వాడి గొంతు ఒక్కసారి వినిపించు సత్యా. అప్పుడు చూద్దాం."

"ఆ ఆఖరి ఫైల్లో నీళ్ళ చప్పుడే ఉంటుందత్తా."

"వాడు ఊపిరి పీల్చిందైనా వినపడదా?"

వాయుగుండం ముసురు. దీపాలవేళకే కరెంటు పోయింది. వసారాలో చాప మీద, రేపటికని పంతులుగారు చేసి ఉంచిన దర్భబొమ్మ, దానిమీద తాతాజీ లుంగీ కప్పి ఉంది. ఇల్లంతా తడిసిన కొబ్బరిపీచు వాసన. సత్యప్రియ లాప్‌టాప్‌కి ఫోన్లోంచి నెట్ ఇచ్చి ఫైలు రప్పించింది. మెల్లగా దిగింది. చీటీ పోయి అసలుది వచ్చింది.

తెడ్డు చప్పుడు. పడవ అంచుకి నీళ్ళు. రేవులో ఎవరిదో దగ్గు.

తర్వాత నీళ్ళు ఆగిపోయాయి.

చిటపట... చిటపట...

"వానా?" దుర్గమ్మ గుసగుసగా అడిగింది.

వాన కాదు. ఎండుగడ్డి అంటుకున్న చప్పుడు. ఈ ఫైలు కంపెనీలో అందరూ విన్నదే. ఈ చిటపట అప్పుడు అందులో లేదు. ఆఖరున మార్చింది ఎవరా అని చూసింది సత్యప్రియ.

తాతాజీ. ఈవేళే.

చెవి పక్కనే గొంతు.

"అమ్మా... వచ్చేను."

వసారాలో చాప కిర్రుమంది.

దుర్గమ్మ కళ్ళు తుడుచుకుంది. "నన్ను చూడ్డానికి వచ్చేడే. చాలు. ఇంక పంపించేద్దాం."

"వద్దత్తా."

"ఎందుకే?"

సత్యప్రియ వసారాలో చాప వైపు చూసింది.

మర్నాడు బొమ్మని మోయడానికి ఇద్దరు చాలనుకుంటే నలుగురు కావలసి వచ్చారు. తడిసి బరువెక్కిందన్నాడు మోసినవాళ్ళలో ఒకడు, గోవిందరాజులు. దేనికైనా కారణం చెప్పగల మనిషి. నిప్పు పెట్టగానే అదే చిటపట. సత్యప్రియ చెవులు మూసుకుంది. కాలడానికి పొద్దుగూకేదాకా పట్టింది.

మూడోరోజు బూడిద ఎత్తడానికి వెళ్ళారు. ఎముకలు దొరికాయి. ఎడమచేతి ఎముకకి, తాతాజీ బైకు మీంచి పడ్డప్పుడు అమలాపురంలో వేయించిన స్టీలు పట్టీ, స్క్రూలతో సహా ఉంది.