నమ్మిన చెవులు

"డాక్టరు గారు పదింటికల్లా రమ్మన్నారు నాన్నా. సాయంత్రం ఆ మిషన్ చూడ్డానికి ఇంకెవరో వస్తారట," అంది పిట్ట, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

లోపలి గదిలో తండ్రి చిన్న చిన్న స్క్రూడ్రైవర్లను పాత కళ్ళజోడు పెట్టెలో సర్దుకుంటున్నాడు. జవాబు రాలేదు. వంటింట్లోంచి తల్లి చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"పదింటికట. అమ్మాయి బయల్దేరింది."

"విన్నాను, విన్నాను. ఇద్దరూ కలిసి నా ప్రాణం తీయకండి," అన్నాడాయన చిరాగ్గా.

పిట్టకు ముప్ఫై రెండేళ్ళు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని తండ్రి పెట్టిన ముద్దుపేరు అలాగే నిలిచిపోయింది. ఆయన రేడియో స్టేషన్లో ముప్ఫై నాలుగేళ్ళు సౌండ్ రికార్డిస్టుగా పనిచేశాడు. చీమ నడుస్తుంటే ఏ కాలు కుంటుతోందో చెప్పగలడని తోటివాళ్ళు వేళాకోళమాడేవారు. ఆయన రిటైరయ్యాక తండ్రీకూతుళ్ళు ఇంటి ముందు గదిలో ఓ చిన్న పని మొదలుపెట్టారు. అటకల మీద మూలుగుతున్న పాత టేపులను జనం తెచ్చిస్తే, వాటిలోని గొంతులను కంప్యూటర్లోకి ఎక్కించి ఇవ్వడం. పిట్ట చేస్తున్న ఉద్యోగం మానేసి మరీ ఇందులోకి దిగింది. నాన్న చెవుల మీద ఆమెకు అంత నమ్మకం.

ఇప్పుడొక సంగీత పాఠశాల వాళ్ళు రెండు వందల రీళ్ళు ఇస్తామన్నారు. ఆరు నెలల్లో అయిపోవాలి. రీళ్ళు నడిపే మిషన్ వీళ్ళకున్నది ఒక్కటే, దానితో అది జరిగేది కాదు. కొత్త మిషన్ దొరకడం గగనం. దొరికిన పాతదాన్నే చూసి, పనికొచ్చేదో కాదో తేల్చుకోవాలి. తేల్చేది ఎప్పుడూ నాన్నే.

పళ్ళ డాక్టరు గారు తాను అమ్మదలచుకున్న పాత రికార్డర్‌ను క్లినిక్ వెనక గదిలో బల్ల మీద పెట్టి ఉంచారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తండ్రి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక జాలీ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"కాలిన వాసన లేదు. మంచిదే."

రీలు పెట్టే ఇరుసును వేలితో తిప్పి, అది దానంతటది ఆగేదాకా చూశాడు. టేపును నొక్కి లాగే రబ్బరు చక్రాన్ని గోటితో గుచ్చాడు. గోరు దిగి, మళ్ళీ పైకొచ్చింది. "రబ్బరు గట్టిపడిపోలేదు," అన్నాడు. తర్వాత మూత విప్పి, టేపు రాసుకుంటూ వెళ్ళే హెడ్ వైపు వంగాడు. డాక్టరు గారు ఉత్సాహం పట్టలేక తన పళ్ళు చూసే అద్దం తెచ్చి చేతిలో పెట్టారు.

"పుచ్చిపోలేదు కదా?"

తండ్రి నవ్వాడు. "కొంచెం అరిగిందండీ. మీ పేషెంట్ల కంటే నయమే."

శబ్దం ఎంత వస్తోందో చూపించే మీటర్లలో కుడివైపు సూది కదలడం లేదు. పిట్ట అది చూపించింది. ఆయన చెయ్యి విసిరాడు. "సూదిదేముందే, అలంకారం. వినడానికి చెవులున్నాయిగా."

ఆయన పరీక్ష టేపు ఎక్కించాడు. అందులో కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా ఒక్కో శబ్దం వరసగా వస్తుంది. ముందు తుమ్మెద రొదలాంటిది, తర్వాత ఈల, ఆ తర్వాత సన్నటి సూదిలాంటిది. రెండు స్పీకర్లలోనూ సమానంగా రావాలి. ఆయన కళ్ళు మూసుకుని వింటూ తలూపుతున్నాడు.

సన్నటి శబ్దం దగ్గరకొచ్చేసరికి పిట్ట ఉలిక్కిపడింది. ఎడమవైపు నుంచే వస్తోంది. కుడి స్పీకరులో ఏమీ లేదు. తండ్రి ముఖంలో మాత్రం ఏ తేడా లేదు. ఇంతలో ఆ శబ్దం కూడా అయిపోయింది. టేపులో ఇక ఏమీ లేదు. గదిలో రీళ్ళు తిరుగుతున్న చప్పుడు తప్ప మరేం లేదు. ఆయన ఇంకా తలూపుతూనే ఉన్నాడు.

"స్పష్టంగా ఉంది," అన్నాడు కళ్ళు తెరిచి. "రెండు వైపులా సమానంగా వస్తోంది. తీసేసుకోవచ్చు."

డాక్టరు గారు వింతగా పిట్ట వంక చూశారు. ఆమె టేపు ఆపేసింది.

"ఆలోచించుకుని చెప్తామండీ."

"ఆలోచించడానికేముంది? నేను చెప్పాక కూడానా?"

"పద నాన్నా."

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉడికిపోతున్నాడు. ఇంటికొచ్చి గుమ్మం దాటగానే పేలాడు.

"పరాయివాడి ముందు నా పరువు తీశావు! మిషన్లు చూడ్డం నాకు నువ్వు నేర్పుతావా?"

"కుడివైపు పై శబ్దం రాలేదు నాన్నా."

"వచ్చింది!"

"రాలేదు. ఎడమవైపుది కూడా ఆగిపోయాక నువ్వింకా తలూపుతూనే ఉన్నావు."

"నీకు వినడం రాదు. అందుకే అలా అనిపించింది."

ఆయన అటు తిరిగి స్క్రూడ్రైవర్ల పెట్టెను బల్ల మీద విసురుగా పెట్టాడు. ఆమె ఆయన వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి, మామూలు గొంతుతో, "నాన్నా, డాక్టరు గారు ఫోన్ చేశారు, మిషన్ అమ్మేశారట," అంది.

ఆయన తిరగలేదు.

"నాన్నా, మిషన్ అమ్ముడైపోయింది."

ఆయన పెట్టె మూత సరిచేస్తున్నాడు.

"చాలు, ఇక ఆపవే!" తల్లి వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. "ఎందుకే ఆయన్నలా పరీక్ష చేస్తావు? రెండేళ్ళయింది. కింది గొంతులు వినపడతాయి, సన్నవి వినపడవు. మన పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నారు. మిషన్ దగ్గర సూదులు చూసి చెప్తున్నారు."

"నీకు తెలుసా? తెలిసీ నాకు చెప్పలేదా?"

"చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు."

ఈసారి ఆయన తిరిగాడు. భార్య ముఖం చూడగానే ఏం జరిగిందో అర్థమైంది. తడుముకుంటూ కుర్చీలో కూలబడ్డాడు.

"కళ్ళు మసకేస్తే అద్దాలు పెట్టుకుంటారు, నలుగురికీ చెప్పుకుంటారు. నా చెవులు పోయాయని ఎవరికి చెప్పుకోను? నన్ను పిలిచేదే వాటికోసం."

మరో రోజయితే పిట్ట ఆ మాటకే కరిగిపోయేది. కానీ అప్పటికే ఆమెకు ఇంకొకటి గుర్తొచ్చింది.

"మరి టైలరమ్మ టేపు?"

ఆయన తలెత్తాడు.

మూడు నెలల క్రితం, వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ ఒక్క రీలు తెచ్చింది. ఆమె చిన్నప్పుడే పోయిన తల్లి గొంతు అది. ఒక్కో టేపు ఒక్కో మిషన్ మీద రికార్డవుతుంది కాబట్టి, దానికి తగ్గట్టు హెడ్ వంపును స్క్రూతో సరిచేయాలి. చెవితో వింటూ చేయాల్సిన పని. ఆ పని ఎప్పుడూ తండ్రిదే. ఆ రోజు గొంతు మందంగా వస్తోందని పిట్టకు అనిపించింది. అడిగితే, "పాత టేపు, అందులో ఉన్నది అంతే," అన్నాడాయన.

"ఆవిడ విని ఏమందో తెలుసా నాన్నా?" పిట్ట ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "'మా అమ్మ ఇలా మాట్లాడేది కాదమ్మా, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టుంది' అంది. టేపులో ఉన్నదే అంత అని చెప్పాను. 'అయితే నేనే మర్చిపోయానేమోలే' అని తలొంచుకుని వెళ్ళిపోయింది. నా చెవులకు తెలుస్తూనే ఉంది. నా చెవుల్ని కాదని నీ చెవుల్ని నమ్మాను. ఒకావిడకు తన తల్లి గొంతు మీదే అనుమానం పుట్టించాను."

ఆయన లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా రాలేదు. తల్లి రెండుసార్లు తలుపు తట్టి, తట్టినా వినపడదని గుర్తొచ్చి, తలుపుకు తల ఆనించి నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున్న పిట్ట ముందు గదిలోకి వచ్చేసరికి ఆయన మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. టైలరమ్మ రీలు ఎక్కించి ఉంది. ఇంట్లో మిషన్ లేదు, ఏం చేసుకుంటానని ఆవిడ దాన్ని వాళ్ళ దగ్గరే వదిలేసింది. ఆయన లేచి, కూతుర్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, స్క్రూడ్రైవరు చేతికిచ్చాడు.

"మాట వింటూ తిప్పు. వెంట్రుకవాసి కంటే ఎక్కువ కదపకు. 'స' అన్నప్పుడు గాలి జారినట్టు వినపడాలి. అది దాటిపోతే మళ్ళీ వెనక్కి రా."

ఆమె తిప్పింది. ముందు ఏమీ మారలేదు. ఇంకాస్త తిప్పేసరికి, మూసిన తలుపు తెరిచినట్టు, ఒక పడుచు గొంతు గలగలా గదిలోకి వచ్చేసింది. పిట్ట చెయ్యి ఆగిపోయింది. ఆయన టేపు వంక చూడటం లేదు. కూతురి ముఖమే చూస్తున్నాడు.

"వచ్చింది కదూ?"

ఆమె తలూపింది. ఆయన ఫోన్ తీసుకుని భార్య దగ్గరికి వెళ్ళాడు. "ఆవిడ నంబరు కలుపు. మాట్లాడేది నేనే. ఆవిడ ఏమందో నువ్వు చెప్పు." పిట్టకు ఆయన గొంతు పక్క గదిలోంచి వినపడుతూనే ఉంది. "తప్పు టేపుది కాదమ్మా, మా అమ్మాయిదీ కాదు. నాకు చెవులు సరిగా వినపడవు. దాచుకుని పనిచేశాను. సాయంత్రం ఒకసారి రా తల్లీ."

ఈలోపు తండ్రీకూతుళ్ళిద్దరూ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళారు. నిన్న వచ్చినవాళ్ళు బేరం తెగక వెళ్ళిపోయారట. "నిన్న నేను చెప్పింది తప్పండీ. ఈ రోజు మా అమ్మాయి చూస్తుంది," అన్నాడు తండ్రి. పిట్ట పరీక్ష టేపు ఎక్కించి, హెడ్ స్క్రూను అటూ ఇటూ తిప్పి వింది. కుడివైపు సన్నటి శబ్దం రానే లేదు. తండ్రి మళ్ళీ అద్దం పెట్టి చూసి, ఆ వైపు అరుగుదల ఎక్కువుందని చూపించాడు.

"అయితే పన్ను పీకాల్సిందేనంటారు," అన్నారు డాక్టరు గారు దిగులుగా.

"పీకాక పెట్టడానికి ఇంకోటి దొరకదండీ. వద్దులెండి," అంది పిట్ట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె తండ్రి వంక చూడలేదు. బయటికొచ్చి సంగీత పాఠశాలకు ఫోన్ చేసి, ఆరు నెలల్లో కాదు, ఏడాది పడుతుందని చెప్పింది. ఆలోచించుకుని చెప్తామన్నారు వాళ్ళు.

సాయంత్రం టైలరమ్మ వచ్చింది. మెడలో కొలతల టేపు కూడా తీయకుండా, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది. పిట్ట మిషన్ నడిపింది. టేపులో టైలరమ్మ తల్లి గొంతు ఏదో అంది. వెనక చిన్నపిల్ల కిలకిలా నవ్వింది. టైలరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఇదే. ఇదే మా అమ్మ. నేను మర్చిపోలేదు."

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. పిట్ట తల్లి వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. తండ్రి ఒక మూల నిలబడి అందరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. టేపులో మాట్లాడే మనిషికి చూసుకోవడానికి పెదాలు లేవు. కాసేపటికి ఆయన మెల్లగా కూతురి పక్కకొచ్చి వంగాడు.

"ఏమంటోందే వాళ్ళమ్మ? నాకు వినపడటం లేదు."

పిట్ట ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవి దగ్గరికి నోరు తెచ్చి, ఒక్కో మాటా నిదానంగా చెప్పింది.

"'ఇంకో ముద్ద తింటేనే కథ చెప్తా' అంటోంది నాన్నా. పిల్లేమో, 'ముందు కథ' అంటోంది."