చండ్ర కొమ్మకు విడిచిన జానెడు

1957 జూన్‌లో ఒక సోమవారం ఉదయం ఆరున్నరకు జమ్మలమడుగు పురోహితుడు రామచంద్రయ్య తన కూతురి పుస్తకాలను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవిని జంధ్యానికి కట్టుకున్నాడు.

అవన్నీ చెట్ల గురించిన పుస్తకాలు. పులివెందుల హైస్కూల్లో మాస్టరుగా ఉన్న మేనమామ వేదవ్యాస పంపినవి. కూతురు కృష్ణకుమారి టీచరు ట్రైనింగు పూర్తి చేసింది. ఆ గురువారం ప్రొద్దుటూరులోని ఒక బాలికల పాఠశాలలో ఆమెకు ఇంటర్వ్యూ ఉంది. పిల్లలకు ప్రకృతి పాఠం చెప్పే ఉద్యోగం.

గొడవ ముందురోజు మొదలైంది. ప్రొద్దుటూరులో కొండయ్యశెట్టి కొత్త నూనెమిల్లుకు నవగ్రహ హోమం తలపెట్టాడు. ఒక్కో గ్రహానికి ఒక్కో సమిధ ఉంటుంది. కుజుడికి చండ్ర పుల్లలు. తల్లి నాగరత్నమ్మకు జ్వరం రావడంతో కట్టలు అందించడానికి కృష్ణకుమారి వెళ్లింది. చండ్ర కట్ట చేతికి తీసుకుని చూసింది. పుల్లలకు ముండ్లు లేవు. ఇది చండ్ర కాదేమో నాయనా, చండ్రకు జతలు జతలుగా ముండ్లుంటాయని పుస్తకంలో ఉంది, అంది. తండ్రికి మాత్రమే వినపడాలని మెల్లగా అంది. పక్కన కూర్చున్న శెట్టి కూడా విన్నాడు. హోమం ఆపించి ఇంకో పురోహితుడికి కబురు పెట్టాడు. తండ్రీకూతుళ్లు ఒకే బస్సులో తిరిగి వచ్చారు. ఆయన ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో కూర్చున్నారు.

పెట్టెకు తాళం పడిన చప్పుడు విని నాగరత్నమ్మ మంచం దిగి వచ్చింది. గురువారం దాకానైనా పుస్తకాలు ఇవ్వమని అడిగింది. రామచంద్రయ్య వినలేదు. కూతురి వైపు తిరిగాడు.

"ఇరవై ఏండ్లుగా సమిధలు నేనే పోయి తెస్తాండా. నీ పుస్తకం ఏ పొద్దన్నా కొండెక్కిందా?"

"ఎక్కలేదు నాయనా. నేనూ ఎక్కలేదు. ఒక్కసారన్నా నన్ను తీస్కపోయినావా?"

"ఆడపిల్లను కొండకు తీస్కపోతారా యాడన్నా?"

"మరి చెట్టును నేను యాడ చూడాల?"

నాగరత్నమ్మ మధ్యలోకి వచ్చింది. "అసలు చండ్రకు ముండ్లుంటాయా, ఉండవా? ముందు అది చెప్పండి."

"ఉంటాయి," అన్నాడాయన. "కోసినాక కత్తితో గీకేస్తా. శెట్టి చేతికి గుచ్చుకుంటే ఈమె పుస్తకం వచ్చి తీస్తాదా?"

కృష్ణకుమారికి ఆ సంగతి తెలియదు. ఆయన తెల్లవారకముందే మడితో వెళ్లి కట్టలు కట్టుకుని వచ్చేవాడు. ఇంట్లో వాళ్లకు పుల్లలే తెలుసు, చెట్లు తెలియవు. ఆమె తప్పు తనదేనని ఒప్పుకుంది. శెట్టికి ఆ మాట తనే చెబుతానంది.

"తాళం తీయకున్నా సరే నాయనా. ఆ చెట్టును ఒకసారి చూపించు."

ఆయన పంచాంగం తీసి తిప్పడం మొదలుపెట్టాడు.

"మీరు తీస్కపోకుంటే నేను తీస్కపోతా," అంది నాగరత్నమ్మ. "నాకు దారి తెలీదు. తల్లీకూతుళ్లం తప్పిపోతే మీరూ మీ శెట్టీ కలిసి వెతుకుదురు."

మంగళవారం తెల్లవారుజామున తండ్రీకూతుళ్లు గండికోట దారి పట్టారు. చండ్ర చెట్టు కొండ వాలులో ఉంది. రామచంద్రయ్య ఒక రెమ్మ వంచి చూపించాడు. ముండ్లు జతలుగానే ఉన్నాయి, కొనలు వంకీ తిరిగి ఉన్నాయి. కృష్ణకుమారి పైట చెంగు వాటికి తగులుకుంది. విడిపించుకుని చెట్టు చుట్టూ తిరిగింది.

కింది కొమ్మలన్నీ కోసినవే. కోసిన ప్రతిచోటా జానెడు మోడు మిగిలి ఉంది. ఎందుకలా విడిచావని అడిగింది. అది తన తండ్రి నేర్పిన పద్ధతి అన్నాడు రామచంద్రయ్య. కోసే ముందు చెట్టుకు దండం పెట్టి క్షమించమని అడగాలి. మొదలుకంటా కోయకూడదు, అది పాపం. జానెడు విడిస్తే కొమ్మ ప్రాణం ఆ జానెడులో నిలుస్తుంది.

ఆమె ఒక మోడును పట్టుకుంది. అది విరిగి చేతిలోకి వచ్చింది. లోపల పొడి ఉంది. మోడు ఉన్నచోట మానుకు తొర్ర పడింది. ఆమె చేయి మణికట్టు దాకా అందులోకి పోయింది. చేయి వెనక్కి తీసి పొడి దులుపుకుంది.

"చెప్పమ్మీ," అన్నాడు రామచంద్రయ్య. "పుస్తకంలో ఏముంది?"

"మాను దగ్గర ఉబ్బు ఉంటాది కదా, దాని పక్కనే కోస్తే పట్ట చుట్టూ పెరిగి గాయాన్ని మూసేస్తాదంట. జానెడు విడిస్తే మూసుకోలేదంట. ఆ మోడు ఎండి, పుచ్చు లోపలికి దిగుతాదంట."

గాలివానకు ఒక కొమ్మ మొదలుకంటా ఊడిన చోటు మానుకు రెండో పక్క ఉంది. అక్కడ పట్ట మూసుకుని ఉంది. ఆయన బొటనవేలితో దాన్ని తడిమాడు. తరువాత మోడుల దగ్గరికి వచ్చి ఒక్కొక్కదాన్నీ తడిమాడు. రాతి మీద కూర్చున్నాడు.

"దయ అనుకోని చేసినా," అన్నాడు. "ఇన్నేండ్లు నా చేతులతో నేనే పుచ్చబెట్టినా." ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నాడు.

"చెట్టు చావలేదు నాయనా. పైన చూడు, చిగురేసింది."

ఆయన తల ఎత్తి చూశాడు. లేచి జంధ్యం నుంచి తాళంచెవి విప్పి కూతురికి ఇచ్చాడు. ఎక్కడ కోయాలో చూపించమన్నాడు. ఆమె చూపించినచోటల్లా మోడులు కోశాడు. ఇంటికి వచ్చేసరికి ఎండ ఎక్కింది.

గురువారం ఇద్దరూ ముందు శెట్టి మిల్లుకు వెళ్లారు. కృష్ణకుమారి ముండ్ల సంగతి చెప్పింది. ఆ మాట ఆ పొద్దే ఎందుకు చెప్పలేదని శెట్టి రామచంద్రయ్యను అడిగాడు. "నాకు రోషమొచ్చింది," అన్నాడాయన. శెట్టి నవ్వి కాఫీ తెప్పించాడు.

ఇంటర్వ్యూలో హెడ్మిస్ట్రెస్ ఖమ్రున్నీసా చెట్టు పాఠం ఎలా చెబుతావని అడిగింది. ముందు పుస్తకం చదివిస్తాను, తరువాత కొండ మీది చెట్టు దగ్గరికి తీసుకుపోతాను, అక్కడ మళ్లీ పుస్తకం తెరిపిస్తాను, అంది కృష్ణకుమారి. ఆడపిల్లలను కొండకు ఏ ఇంటివాళ్లు పంపుతారని కమిటీ సభ్యుడు షంషుద్దీన్ అడిగాడు. అంతకుముందున్న టీచరమ్మకు ఒక్క ఇంటి నుంచీ అనుమతి రాలేదని, గదిలో చెప్పే పాఠానికైతే కొత్త టీచరు అవసరం లేదని అన్నాడు. కృష్ణకుమారి వరండా వైపు చూసింది.

రామచంద్రయ్య వరండాలో బల్ల మీద కూర్చుని వింటున్నాడు. లేచి గడప దగ్గర నిలబడ్డాడు. మాట్లాడవచ్చా అని అడిగాడు. ఖమ్రున్నీసా తల ఊపింది.

"మొన్నటిదాకా పంపనోణ్ని నేనే. ఆ ఇండ్లకు నేను పోయి మాట్లాడతా. కొండకు నా కూతురు ముందు నడుస్తాది, నేను ఎనక నడుస్తా. ఏ పిల్లకు ఏమైనా నన్నడగండి."

కమిటీ గదిలో కొంతసేపు చర్చ జరిగింది. మధ్యాహ్నం కృష్ణకుమారికి నియామకపు ఉత్తరువు ఇచ్చారు.

రామచంద్రయ్య జూలై అంతా ప్రొద్దుటూరు వీధుల్లో ఇల్లిల్లూ తిరిగాడు. కొందరు తలుపు వేసుకున్నారు. కొందరు కూర్చోమన్నారు. ఆగస్టులో ఒక శనివారం పాఠశాల పిల్లలు జమ్మలమడుగులో బస్సు దిగి గండికోట దారిలో నడిచారు. కృష్ణకుమారి చేతిలో పుస్తకంతో ముందు నడిచింది. రామచంద్రయ్య అందరికంటే వెనక నడిచాడు. సాయంత్రం బస్సుకు పిల్లలందరూ తిరిగి వచ్చారు.

తరువాతి శనివారం పిల్లలు ఒక్క బస్సుకు పట్టక ఇంకో బస్సు మాట్లాడవలసి వచ్చింది.