పేరు ఆయనది, వేలు ఆమెది

ఆయన పేరుకే సమాధానం, చర్చి మాటల్లో శాంతి అని. నోరు తెరిస్తే తగువు. తోటపల్లి గూడూరు పక్కన రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్లంతా ఆయన్ను చూసి అట్టాగే నవ్వుకుంటారు. ఆ ఆదివారం ఇంకా తెల్లగా తెల్లారకముందే ఆయనకు కోపం వచ్చేసింది.

"రెబెక్కా! చెయ్యి ఇటియ్యి."

పెళ్లాం రెబెక్కమ్మ పొయ్యి కాడి నుంచి వచ్చి, తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని వేలు చాచింది. ఆయన సూది పెన్ను ఆనించి నొక్కినాడు. నెత్తురు చుక్క పట్టీకి అంటగానే మిషను కుయ్యిమంది. పక్కనున్న ఫోను ఆడగొంతుతో పలికింది.

"సమాధానం గారూ, మీ షుగరు రెండొందల డెబ్బై ఒకటి. చాలా ఎక్కువగా ఉంది."

"దీని మొహం మండ!" అని మిషను మంచం మీదికి విసిరినాడు.

ఆ మిషను కూతురు అబిగయీలు కొనిచ్చింది. ఆ పిల్ల కోవూరులో టీచరు. ఇక్కడ చూసిన లెక్క అక్కడ ఆమె ఫోనుకూ, నెల్లూరులో డాక్టరుకూ పోతుంది. మొదటిరోజు సమాధానం తన వేలే పొడుచుకున్నాడు. మూడొందలు దాటింది. ఐదు నిమిషాల్లో కూతురు ఫోను చేసి, గుంటగట్టున నలుగురూ వింటా ఉండగా తిట్టిపోసింది. ఇట్టాగే ఉంటే ఇన్సులిన్ సూది తప్పదంట అని కూడా చెప్పింది.

సూది మాట వింటే ఆయన లేచి బయటికి పోతాడు. ఆయన అన్నకు సూదులు మొదలుపెట్టిన ఏడాదికే కాలు తీసేసినారు. ఆపైన మనిషే పోయినాడు. సూదే చంపిందని ఆయన నమ్మకం. అందుకే మర్నాటి నుంచి వేలు రెబెక్కమ్మది. నూట పది, నూట పదిహేను. కూతురు మెచ్చుకుంది. డాక్టరు ఒక మాత్ర తగ్గించినాడు. ఐదు నెలలు అట్టా హాయిగా జరిగిపోయినాయి. ఈ నెలలోనే లెక్క పైకి ఎక్కతా ఉంది.

"మిషను చెడిపోయినాది," అన్నాడు.

రెబెక్కమ్మ చెంబెత్తి గటగటా తాగి, మళ్లీ ముంచుకుంది.

"ఏందే, కుండంతా నువ్వే తాగతావా?"

"దప్పికయ్యా. ఎండలు కదా."

బయట ఆటో ఆగింది. అబిగయీలు చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చింది. దారిలోనే లెక్క చూసినట్టుంది, ఫోను చేతిలోనే ఉంది.

"రాత్రి ఏం తిన్నావు నాయనా?"

"అన్నం."

"అన్నానికి రెండొందల డెబ్బై వస్తాదా? గట్టు మీద ఎన్ని టీలు తాగినావు? ఎన్ని చెంచాల చక్కెర?"

"అడగడానికి నువ్వెవరివే? ఈ పీడనొకదాన్ని తెచ్చిపెట్టి, కోవూరులో కూర్చోని నాకు కాపలా కాస్తావా?"

"కాస్తా! నీ కాలు నువ్వు చూసుకున్నావా? గుంటలో పెంకు కోసుకుని రెండు నెలలైంది. ఇంకా చీము కారతానే ఉంది. లెక్క బాగున్న నెలలో కూడా పుండెందుకు మానలేదని డాక్టరు నన్ను అడిగితే, నేనేం చెప్పాలి?"

"మిషను అబద్ధాలు చెప్తా ఉంది."

"సరే, నా ఎదురుగా చూద్దాం. చెయ్యి ఇటియ్యి."

రోజూ తాను పెళ్లాంతో అనే మాట కూతురి నోట వినగానే ఆయన చెయ్యి వెనక్కి పోయింది. అబిగయీలు మణికట్టు పట్టుకుని లాగింది. వేళ్లు తిప్పి తిప్పి చూసింది.

"ఇన్ని నెలలుగా పొడుచుకునే వేళ్లకు ఒక్క మచ్చ లేదేంది?"

రెబెక్కమ్మ చెయ్యి మెల్లగా కొంగులోకి పోయింది. అది అబిగయీలు కంటబడింది.

"అమ్మా, ఆ చెయ్యి చూపించు."

ఎడమచేతి వేళ్ల కొసలు ఆవాలు చల్లినట్టు నల్లగా ఉన్నాయి. అబిగయీలు అరిచిన అరుపుకు గోడ మీద పిట్టలు లేచిపోయినాయి.

"నాయనకైతే బుద్ధి లేదు. నువ్వెందుకిచ్చినావమ్మా?"

"ఇవ్వకపోతే కేకలేస్తాడు. పొద్దున్నే కేకలెందుకని..."

"కేకలకు భయపడి నెత్తురిచ్చినావా! ఆ దొంగలెక్క చూసి మాత్ర తగ్గించినాడు డాక్టరు! రేపు నాయన కాలు తీసేస్తే..."

అక్కడ అబిగయీలు మాట ఆగిపోయింది. చేతిలో ఫోను చూసింది. అమ్మను చూసింది. భుజాల మీద వదులైపోయిన జాకెట్టు చూసింది.

"ఇందాకటి రెండొందల డెబ్బై ఒకటి ఎవరిది?"

రెబెక్కమ్మ చేతిలో చెంబు అట్టాగే ఉంది.

సమాధానానికి అప్పుడు గుర్తుకొచ్చినాయి. ఆమె రాత్రిళ్లు పదే పదే లేవడం. చర్చిలో పాటకు నిలబడలేక కూర్చోవడం. కండ్లు మసకగా ఉన్నాయంటే, సూదిలో దారం ఎక్కించలేని దానివి ఎందుకు కుడతావని తాను కసిరింది. మిషను నెలరోజులుగా నిజమే చెప్తా ఉంది. తానే దాన్ని తిడతా ఉన్నాడు.

"దానికి... షుగరా?"

"ఫోను రోజూ మొత్తుకుంటానే ఉంది కదా నాయనా! నీ పేరుతో మొత్తుకుంటా ఉంది!" అబిగయీలు ఏడుస్తానే కోపంగా మిషను తీసుకుంది. ఫోను నొక్కింది. "అమ్మకు వేరే పద్దు పెడతా ఉన్నా. పేరు నువ్వే చెప్పు."

"కొత్త మనిషి పేరు చెప్పండి," అంది ఫోను.

ఊరంతా వినపడేలా అరిచే మనిషి గొంతు తగ్గించినాడు. "రెబెక్కమ్మ," అని గొణిగినాడు.

"పేరు వినపడలేదు. మళ్లీ చెప్పండి."

"రెబెక్కమ్మ!" ఈసారి గట్టిగానే అన్నాడు. కండ్లు తుడుచుకోకుండానే ఆమె చెయ్యి తీసుకుని, ఆ నల్ల చుక్కల మీద బొటనవేలితో రాసినాడు. ముప్పై ఏడేళ్లలో ఆ చెయ్యి అంత దగ్గరగా ఆయన చూడలేదు.

"నొప్పిగా ఉండేదా?"

"ఇప్పుడడిగితే ఏం లాభం?" అంది ఆమె. పెళ్లైనప్పటి నుంచి ఆమె నోట కోపం మాట రావడం అదే మొదలు. ఆయన తల వంచుకుని విన్నాడు.

అబిగయీలు సూది పెన్ను సిద్ధం చేసింది. రెబెక్కమ్మ అలవాటుగా వేలు చాచింది. సమాధానం ఆ చేతిని మెల్లగా పక్కకు నెట్టి, తన మొరటు వేలు ముందుకు పెట్టినాడు.

"ముందు నాది. ఎంతైనా చెప్పనీ. సూదైతే సూదే."