గోడకి అటువైపు

జైల్లో మాకు తాపీపని నేర్పే షెడ్డు ఒకటుండేది. పొద్దున గోడ కట్టడం, సాయంత్రం మేస్త్రీ ఊ అనగానే కూల్చేసి ఇటుకలు గీకి పెట్టుకోవడం. ఉత్త ఇసుకా సున్నమే కాబట్టి ఇట్టే ఊడొచ్చేవి. ఆ రోజు పరీక్ష. మొదటిసారి చేతికి సిమెంటు ఇచ్చారు.

ఇంకో మూడు నెలల్లో నా శిక్ష పూర్తవుతుంది. "పనంటూ దొరికితేనే మా గడప తొక్కు" అని తమ్ముడు ములాఖత్‌లో మొహం మీదే చెప్పేశాడు. సర్టిఫికెట్టు తెస్తే పనిస్తానని ఒక కాంట్రాక్టరు మాటిచ్చాడు. నా ఆశంతా ఆ కాగితం మీదే.

నా జతగాడిని అందరూ తాత అనేవారు. యావజ్జీవం పడ్డ మనిషి. ఆయాసం ముదిరి రెండు రోజులుగా జైలు ఆసుపత్రిలో ఉన్నాడు. అందుకని ఒక్కణ్ణే కడుతున్నాను. గోడ నా తల దాటింది. పొద్దు వాలింది. షెడ్డు నిండా తడి సిమెంటు వాసన, రేకుల మీంచి దిగుతున్న మసక చీకటి.

అప్పుడు గోడకి అటువైపు తాపీ చప్పుడైంది. టక్... టక్...

"తాతా? ఎప్పుడొచ్చావ్?"

"ఇప్పుడే. నువ్వు కానీరా. ఇటు నేను చూసుకుంటా."

నాకు ప్రాణం లేచొచ్చింది. వరస మీద వరస పేర్చుకుంటూ పోయాను. అటువైపు తాపీ ఒక్క క్షణం ఆగలేదు. నాలుగు మెట్లెక్కితే రొప్పే మనిషి... దగ్గు లేదు. ఊపిరి చప్పుడే లేదు.

"తాతా, కాస్త ఆగి ఊపిరి తీసుకో."

టక్... టక్...

వార్డరు లోపలికొచ్చాడు. "ఎవరితోరా మాటలు?"

"తాతతో సార్."

ఆయన మొహం పాలిపోయింది. గొంతు తగ్గించాడు. "తాత మధ్యాహ్నమే పోయాడురా."

చప్పుడు ఆగిపోయింది.

చుట్టూ తిరిగి అటు వెళ్లాం. ఎవరూ లేరు. నేను కట్టింది తొమ్మిదంగుళాల గోడ. ఇప్పుడది మూడడుగుల మందం ఉంది. మేస్త్రీ వచ్చి సుత్తితో తట్టి చూశాడు. లోపల డొల్ల.

నా పరీక్ష గోడని నా చేతే పగలగొట్టించాడు. పుస్తకంలో నా పేరు కొట్టేశాడు. "మళ్లీ పరీక్ష ఏడాదికే" అన్నాడు, నా వంక చూడకుండా. ఇక కాంట్రాక్టరూ లేడు, తమ్ముడి గడపా లేదు.

ముందు వైపు ఊడగానే లోపల ఇటుకల మధ్య నిలువునా ఖాళీ. ఒక మనిషి నిలబడేంత. మేస్త్రీ అందులో టేపు పట్టాడు. ఐదడుగుల పదంగుళాలు.

తాత నా భుజం దాకా కూడా రాడు.

"నీ ఎత్తెంత?" మేస్త్రీ గుసగుసగా అడిగాడు.

అదే అంకె చెప్పాను.

ఆయన టేపు చుట్టేసుకున్నాడు.